చేతిలో ఏముందో చూడండి: మాక్‌బెత్ నేర్పే మాటలు



మా ఇంట్లో బీరువా పై అరలో ఒక పాత పుస్తకం ఉంది. షేక్‌స్పియర్ రాసిన మాక్‌బెత్ నాటకం. డిగ్రీ చదివే రోజుల్లో పాత పుస్తకాల కొట్లో కొన్నాను. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. కాగితాలు టీ రంగుకి తిరిగాయి. ఆ పుస్తకం తెరిస్తే అచ్చు కంటే పెన్సిల్ రాతే ఎక్కువ కనిపిస్తుంది. ప్రతి ఇంగ్లీషు మాట నెత్తిమీద ఒక తెలుగు మాట. శంకరనారాయణ నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, రాత్రిళ్లు మేలుకుని రాసుకున్న అర్థాలవి.

తీరా పరీక్షల ముందు చూసుకుంటే ఏమైందో తెలుసా అండీ? అర్థాలన్నీ పుస్తకంలో ఉన్నాయి. నా బుర్రలో ఒక్కటీ లేదు. అంతకంటే పెద్ద చిక్కు, నాటకమే లేదు. ఎవరు ఎవర్ని చంపారో తెలుసు, ఎందుకు భయపడుతున్నారో తెలీదు. మాట మాటకీ ఆగి అర్థం వెతుక్కున్నవాడికి కథ ఎక్కడ అందుతుంది? ప్రతి మెట్టు దగ్గరా ఆగి మెట్లు లెక్కపెట్టుకుంటూ కొండెక్కినవాడు స్వామిని చూడకుండానే దిగొచ్చినట్టు అయింది నా పని.

ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం. పాత నాటకాల్లో కష్టమైన మాటలుంటాయి కదా, అవి మనకి ఎలా పట్టుబడతాయి? ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు వింటున్నారేమో, వాళ్లకి పనికొస్తుంది. పరీక్షల కోసం రోజుకి పది పదాలు బట్టీ పడుతున్నవాళ్లకి ఇంకా పనికొస్తుంది. చదువులు ఎప్పుడో ముగించి హాయిగా రేడియో వింటున్న పెద్దవాళ్లకి మాత్రం ఇందులో కొత్తేమీ ఉండకపోవచ్చు. ఎందుకంటే ఈ విద్య వాళ్లకి ముందే వచ్చు. ఆ ముచ్చట చివర్లో చెప్తాను.

నేను చెప్పేది నిజానికి ఒక్కటే మాట. నాటకంలో కష్టమైన మాట ఎదురైతే, వెంటనే నిఘంటువు దగ్గరికి పరుగెత్తకండి. ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట ఎవరన్నారు? ఎప్పుడన్నారు? అన్నప్పుడు చేతిలో ఏముంది? మళ్లీ చెప్తున్నాను. ఎవరు, ఎప్పుడు, చేతిలో ఏముంది. మాట అర్థంలో సగం నోట్లో ఉంటే, మిగతా సగం చేతిలో ఉంటుంది.

ముందు కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తెలియనివాళ్ల కోసం. స్కాట్లండ్ దేశం. రాజు పేరు డంకన్, మంచివాడు. ఆయన సేనాని మాక్‌బెత్, మహావీరుడు. యుద్ధం గెలిచి తిరిగొస్తుంటే దారిలో ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, నువ్వు రాజువవుతావని చెప్తారు. ఆ ఆశ మనసులో పడింది. ఇంట్లో భార్య ఎగదోసింది. ఇంటికి అతిథిగా వచ్చిన రాజుని, నిద్రలో ఉన్నవాణ్ని, మాక్‌బెత్ పొడిచి చంపాడు. సింహాసనం దక్కింది, నిద్ర పోయింది. ఆ ఒక్క హత్యని కాపాడుకోవడానికి ఇంకో హత్య, దాన్ని దాచడానికి మరొకటి. చివరికి భార్యకి మతి చెడింది, ఆయనకి తల పోయింది. ఇదీ కథ. 1606 ప్రాంతంలో రాసిన నాటకమని పండితులు చెప్తారు. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకి, 1623లో గానీ అచ్చులోకి రాలేదు. ఆయన విషాదాంత నాటకాలన్నిట్లోకీ పొట్టిది. అందుకే మాటలు నేర్చుకోవాలంటే దీంతో మొదలుపెట్టమంటాను.

సరే, మొదటి మాట. వియర్డ్.

ఆ ముగ్గురు మంత్రగత్తెల్నీ నాటకంలో వియర్డ్ సిస్టర్స్ అంటారు. నేనేం చేశాను? నిఘంటువు తీశాను. వియర్డ్ అంటే వింతైన అని ఉంది. పెన్సిల్ తీసి నెత్తిమీద 'వింత అక్కచెల్లెళ్లు' అని రాసేసుకున్నాను. పని అయిపోయిందనుకున్నాను. ఇప్పటి పిల్లలు కూడా ఈ మాట వాడుతూనే ఉంటారు. తేడాగా ఉన్నవాణ్ని చూసి 'వాడు వియర్డ్‌రా' అంటుంటారు.

మా మాస్టారు క్లాసులో నా పుస్తకం చేతిలోకి తీసుకుని చూశారు. నవ్వారు. 'వాళ్లు వింతగా ఉంటే మాక్‌బెత్ భయపడటం ఎందుకయ్యా, నవ్వుకుని వెళ్లిపోతాడు గదా' అన్నారు. తర్వాత ఆయన చెప్పింది ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. వియర్డ్ అనేది పాత ఇంగ్లీషులో విశేషణం కాదు, అదొక పేరు. ఆ పేరుకి అర్థం విధి. మనం తలరాత అంటాం, నుదుటిరాత అంటాం, అదే. షేక్‌స్పియర్ ఈ కథని హోలిన్‌షెడ్ అనే ఆయన చరిత్ర గ్రంథంలోంచి తీసుకున్నాడు. అందులోనూ ఈ ముగ్గుర్నీ విధి దేవతల్లాంటి వాళ్లుగానే చెప్పారు. అంటే వియర్డ్ సిస్టర్స్ వింత అక్కచెల్లెళ్లు కారు, తలరాత రాసే అక్కచెల్లెళ్లు. వింత అనే అర్థం చాలా తర్వాత వచ్చింది. ఈ నాటకంలో వాళ్లు అంత విడ్డూరంగా కనిపించబట్టే ఆ మాటకి ఆ రంగు అంటుకుందంటారు.

ఇప్పుడు మన ప్రశ్న వేసుకుందాం. అప్పుడు చేతిలో ఏముంది? బాంక్వో అని మాక్‌బెత్ స్నేహితుడు, వాళ్లని చూసి ఏమంటాడంటే, వీళ్లు పగిలిన వేళ్లు తెచ్చి ఎండిన పెదవుల మీద పెట్టుకుంటున్నారు అంటాడు. చూడండి, వేలు పెదవి మీద. ఒక రహస్యం తెలిసినవాళ్లు చేసే పని అది. నోరు మూసుకున్న విధి ఎదురుగా నిలబడి ఉంది. ఆ వేలు కనిపించిందంటే, వియర్డ్ అన్న మాట ఇక జన్మలో మర్చిపోరు.

దీంట్లో ఒక పాఠం ఉంది. కష్టంగా కనిపించే మాట మనల్ని మోసం చేయదు. తెలియదని తెలుసు కాబట్టి ఆగుతాం, అడుగుతాం. తెలిసినట్టు కనిపించే మాటే మోసం చేస్తుంది. ఇంకో రెండు చెప్తాను, సరదాగా.

మాక్‌బెత్ యుద్ధంలో ఎలా పోరాడాడో, గాయాలతో వచ్చిన ఒక సైనికుడు రాజుకి వర్ణించి చెప్తాడు. ఆ వర్ణనలో మాక్‌బెత్‌ని పరాక్రమానికి మినియన్ అంటాడు. ఇప్పటి పిల్లలకి మినియన్ అంటే కార్టూన్ సినిమాలో పసుపు రంగు బుడతలు. పెద్దవాళ్లకి, ఎవడి కిందో చేతులు కట్టుకు తిరిగే అనుచరుడు. ఈ రెండు అర్థాలూ పెట్టి చదివితే ఆ సైనికుడు సేనానిని తిడుతున్నాడు అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో మినియన్ అంటే ముద్దుబిడ్డ. పరాక్రమలక్ష్మికి ముద్దుబిడ్డ అని పొగుడుతున్నాడన్నమాట. ఒంటి మీద గాయాలు పెట్టుకుని ఇంత ఆవేశంగా చెప్పేవాడు తిడతాడా? ఎవరన్నారో చూస్తే చాలు, అర్థం సగం తేలిపోతుంది.

రెండోది, అడిషన్. ఒకటో తరగతి పిల్లాడికీ తెలిసిన మాట, కూడిక. రాజు పంపిన దూత వచ్చి, మీకు కొత్త అడిషన్ వచ్చింది, కాడర్ ప్రాంతానికి మీరు ప్రభువు అని మాక్‌బెత్‌కి చెప్తాడు. ఇక్కడ అడిషన్ అంటే బిరుదు. పేరు పక్కన కూడేది. మన పెద్దలు పేరుకి ముందు రావు బహదూర్ అనో, కళాప్రపూర్ణ అనో చేర్చుకునేవారే, అది. పాత అర్థానికి, కొత్త అర్థానికి మధ్య దారి తెగిపోలేదు చూడండి. పేరుకి కూడిక అయితే బిరుదు. అంకెకి కూడిక అయితే లెక్క.

కాబట్టి మొదటి పాఠం గుర్తుంచుకోండి. తెలిసిన మాట దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు నిజంగా కష్టమైన మాటకి వద్దాం. ఇన్‌కార్నడైన్. వినడానికే మందు పేరులా ఉంది కదూ.

సన్నివేశం ఊహించుకోండి. అర్ధరాత్రి. కోటంతా నిశ్శబ్దం. మాక్‌బెత్ రాజుని చంపి బయటికొచ్చాడు. కంగారులో కత్తులు అక్కడ వదిలిపెట్టకుండా చేత్తోనే తెచ్చేశాడు. భార్య చూసి, తీసుకెళ్లి అక్కడే పెట్టి రమ్మంటే, మళ్లీ ఆ గదిలోకి నేను వెళ్లలేనన్నాడు. ఆవిడే కత్తులు లాక్కుని వెళ్లింది. ఇతను ఒక్కడే మిగిలాడు. అంతలో కోట తలుపు ఎవరో దబదబా బాదుతున్నారు. ఉలిక్కిపడి చేతులు చూసుకున్నాడు. రెండు చేతులూ నెత్తురు. సముద్రమంత నీళ్లు పోసినా ఈ చేతులు శుభ్రమవుతాయా అనుకున్నాడు. కావు, ఈ చేతులే ఆ సముద్రాల్ని ఎర్రగా మార్చేస్తాయి అనుకున్నాడు. ఆ ఎర్రగా మార్చడమే ఇన్‌కార్నడైన్. చేతిలో ఏముంది? నెత్తురు. ఇంకేం చెప్పాలి, నిఘంటువు ఇంకేం చెప్తుంది?

కానీ ఒక చమత్కారం ఉంది ఇక్కడ, వినండి. షేక్‌స్పియర్ ఆ పెద్ద మాట వాడి ఊరుకోలేదు. ఆ వెంటనే, ఊపిరి తీసుకునే లోపే, అదే సంగతిని చిన్న చిన్న మాటల్లో మళ్లీ చెప్పాడు. పచ్చటి నీళ్లు ఎర్రబడతాయని, పలక పట్టిన పిల్లాడికి కూడా తెలిసే మాటల్లో చెప్పాడు. పెద్ద మాట కూర్చుని చూసే పండితుడికి, చిన్న మాట వేదిక ముందు నిలబడి చూసే పామరుడికి. కష్టమైన మాటకి అర్థం ఆ నాటకంలోనే, ఆ పక్కనే పెట్టి ఉంది. నేను మాత్రం అది చూడకుండా నిఘంటువులో వెతుక్కున్నాను.

ఇది తెలుగువాళ్లకి కొత్త విద్య కాదు. మన భాషలోనూ రెండు పొరలున్నాయి. రుధిరం అంటాం, నెత్తురు అంటాం. గృహం అంటాం, ఇల్లు అంటాం. ఒకటి సంస్కృతం నుంచి వచ్చింది, ఒకటి మన మట్టిలో మొలిచింది. ఇంగ్లీషులోనూ అంతే. లాటిన్, ఫ్రెంచి దారిలో వచ్చిన బరువైన మాటలు ఒక పొర. ఇంటి మాటలు మరో పొర. రెండు పొరల భాషలో పుట్టి పెరిగినవాళ్లం మనం. ఎక్కడ రుధిరం అనాలో, ఎక్కడ నెత్తురు అనాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ చెవినే ఇంగ్లీషు నాటకానికీ అప్పగించండి.

ఇంకొక కిటుకు. పెద్ద మాటకి ఎప్పుడూ చుట్టాలుంటారు. ఇన్‌కార్నడైన్ మధ్యలో కార్న్ అనే ముక్క ఉంది. లాటిన్‌లో దానికి మాంసం అని అర్థం. మాంసం తినే జంతువు కార్నివోర్. దేవుడు రక్తమాంసాలున్న ఒళ్లు ధరిస్తే ఇన్‌కార్నేషన్, మనం అవతారం అంటాం. చచ్చి మళ్లీ పుడితే రీఇన్‌కార్నేషన్. మన సినిమాల్లో పునర్జన్మ కథలకి కొదవ లేదు కదా, ఈ మాట అందరికీ తెలిసిందే. ఇన్‌కార్నడైన్ అంటే మొదట్లో మాంసం రంగు, అంటే లేత ఎరుపు. షేక్‌స్పియర్ ఆ రంగు పేరుని పట్టుకుని క్రియ చేసేశాడు. ఒక్క మాట నేర్చుకోబోతే ముగ్గురు చుట్టాలు ఇంటికొచ్చారు.

ఆ రాత్రి నుంచే ఇంకో మాట. ఇది రేడియోలో చెప్పడానికి మహా అనువైన మాట. స్లీవ్.

స్లీవ్ అనగానే మీకు ఏం తోచింది? చొక్కా చెయ్యి. హాఫ్ స్లీవ్, ఫుల్ స్లీవ్. రాజుని చంపి వచ్చిన మాక్‌బెత్ నిద్ర గురించి బెంగపడుతూ మాట్లాడతాడు. నిద్రలో ఉన్నవాణ్ని చంపాను, నిద్రనే చంపాను, ఇక నాకు నిద్ర లేదు అని. ఆ మాటల్లో, మనసులోని చింతని స్లీవ్‌తో పోల్చి, అది రావెల్ అయిందని, నిద్ర దాన్ని బాగుచేస్తుందని అంటాడు. చొక్కా చెయ్యి పిగిలితే నిద్ర కుడుతుందా? నాకేమీ అర్థం కాలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను పాఠం చెప్తున్న రోజుల్లో, ఒక కుర్రాడు లేచి చెప్పాడు. వాళ్లది నేతపని చేసే కుటుంబం. 'సార్, ఇది చొక్కా చెయ్యి కాదేమో, పట్టు చిక్కు పడటం లాంటిదేమో' అన్నాడు. వాడు అన్నది అక్షరాలా నిజం. అదే ఉచ్చారణతో ఇంకో స్లీవ్ ఉంది, స్పెల్లింగు వేరు. దానికి సన్నని పట్టు పోగు అని అర్థం. రావెల్ అంటే చిక్కు పడటం. పాత అచ్చుప్రతిలో రెండింటికీ తేడా తెలియని స్పెల్లింగే ఉంటుంది. పట్టుదారం అనే అర్థమే సరైందని చాలామంది పండితులు అంటారు. ఆ కుర్రాడికి పండితులతో పని లేకపోయింది. చిక్కుపడ్డ పట్టు ముందు కూర్చుని, తెగకుండా, ఒక్కో పోగూ విడదీసే అమ్మని వాడు రోజూ చూశాడు. అంత ఓపిక కావాలి. నిద్ర మన చింతని అలా విడదీస్తుందని మాక్‌బెత్ అంటున్నాడు. ఇక తనకి ఆ చెయ్యి సాయం లేదని అంటున్నాడు. ఆ క్షణాన అతని చేతిలో ఏమున్నాయి? దారపు పోగు కాదు. రెండు కత్తులు. ఇంకా వదల్లేదు.

అలాంటిదే ఇంకో చెవి మాట, సీలింగ్. ఫ్యాను వేలాడే సీలింగ్ కాదు. సీలు వేసే సీలింగ్ కూడా కాదు. డేగలతో వేటాడే రోజుల్లో, కొత్తగా పట్టిన డేగ బెదిరిపోకుండా దాని కనురెప్పలు దారంతో కుట్టేసేవారు. ఆ కుట్టడాన్ని సీలింగ్ అంటారు. స్నేహితుడు బాంక్వోని చంపడానికి మనుషుల్ని పంపిన సాయంత్రం, మాక్‌బెత్ చీకటిని పిలుస్తాడు. జాలి గల పగటికి కన్ను కనిపించకుండా చెయ్యమంటాడు. ఆ రాత్రికి అతను ఇచ్చిన పేరే ఇది, కళ్లు కుట్టే రాత్రి. డేగ సంగతి తెలియకపోతే ఇదొక మామూలు చీకటి. తెలిస్తే, సూదీ దారం కనిపిస్తాయి.

మీరు ఇప్పుడు నా మాటలు వింటున్నారు. స్పెల్లింగు మీకు కనిపించదు. నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఆ నాటకం చూసినవాళ్లకీ స్పెల్లింగు కనిపించలేదు. పుస్తకమే లేదు వాళ్ల చేతిలో. వాళ్లూ మీలాగే శ్రోతలు. ఆడియన్స్ అన్న ఇంగ్లీషు మాటలో ఉన్నది కూడా వినడమే, చూడటం కాదు. అందుకే నాటకాన్ని కళ్లతో చదవకండి. గొంతెత్తి చదవండి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీయండి. నోటితో పలికి, చెవితో విన్న మాట నిలుస్తుంది. కంటితో మాత్రమే చూసిన మాట జారిపోతుంది.

ఇక ఈ నాటకానికి ప్రాణం లాంటి మాట. ఈక్వివొకేషన్.

రాజు హత్య జరిగిన ఆ రాత్రే, కోట తలుపు బాదుతున్నారని చెప్పాను కదా. తలుపు తీయడానికి తాగి తూలుతూ ఒక కాపలావాడు వస్తాడు. ద్వారపాలకుడి పని. తాను కాపలా కాస్తున్నది నరకం గుమ్మం అనుకుని సరదాగా ఒక్కొక్క పాపిని లోపలికి పిలుస్తాడు. అందులో ఒకడు ఈక్వివొకేటర్. అంటే అబద్ధం ఆడకుండా మోసం చేసేవాడు. మాటకి రెండు అర్థాలు పెట్టి, ఒకటి తను దాచుకుని, ఇంకొకటి ఎదుటివాడికి అంటగట్టేవాడు.

ఆ రోజుల్లో లండన్‌లో ఈ మాట ఊరంతా మారుమోగుతోంది. 1605లో పార్లమెంటు భవనాన్ని, రాజుతో సహా, మందుగుండుతో పేల్చేయాలని కుట్ర జరిగింది. బయటపడింది. మరుసటి ఏడాది ఆ కేసులో హెన్రీ గార్నెట్ అనే క్రైస్తవ మతగురువుని విచారించి ఉరి తీశారు. రెండర్థాల సమాధానం చెప్పడం తప్పా ఒప్పా అన్న పెద్ద చర్చ ఆ విచారణలో జరిగింది. అందుకే తాగుబోతు కాపలావాడి నోట ఆ మాట రాగానే జనానికి వెంటనే తగిలి ఉంటుంది.

మనకి ఈ మాట అర్థం కావడానికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. కురుక్షేత్రం చాలు. అశ్వత్థామ చచ్చిపోయాడని ధర్మరాజు గట్టిగా చెప్పి, చచ్చింది ఏనుగని మెల్లగా గొణిగాడు చూశారా, అదే ఈక్వివొకేషన్. అబద్ధం ఆడలేదు. ద్రోణుడు మాత్రం చచ్చిపోయాడు.

మాక్‌బెత్‌కి మంత్రగత్తెలు చేసిందీ అదే. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేం చేయలేడన్నారు. అడవి నడిచి నీ కోట మీదికి వస్తే తప్ప నీకు ఓటమి లేదన్నారు. మాక్‌బెత్ పొంగిపోయాడు. మన ప్రహ్లాదుడి కథ వినుంటే పొంగిపోయేవాడు కాదు. పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు అని వరాలు కోరుకున్న హిరణ్యకశిపుడు సంజె వేళ గడప మీద చచ్చాడు కదా. ఇక్కడా అంతే. మాక్‌బెత్ మీదికి దండెత్తిన సైనికులు బర్నమ్ అడవిలో కొమ్మలు నరికి, చేత పట్టుకుని, ఆ చాటున నడిచొచ్చారు. అడవి నడిచొచ్చింది. ఎదురు నిలబడ్డ మాక్‌డఫ్ అనే వీరుడు, నెలలు నిండకుండా తల్లి కడుపు కోసి తీయగా బతికినవాడు. అతను చెప్పిన లెక్కలో అది పుట్టడం కాదు.

ఇప్పుడు ఆలోచించండి. మాక్‌బెత్ ఎలా చచ్చాడు? కత్తి దెబ్బకి చచ్చాడు, నిజమే. కానీ అంతకు ముందే ఒక మాటకి మొదటి అర్థం పట్టుకుని ఆగిపోయాడు. పుట్టడం అన్న మాట తెలుసనుకున్నాడు. వెనక ఇంకో అర్థం ఉందేమో అని అడగలేదు. నేను వియర్డ్ మీద వింత అని రాసుకుని పుస్తకం మూసేశాను చూశారా, అదే తప్పు. నాకు మార్కులు పోయాయి, ఆయనకి తల పోయింది.

ఈక్వివొకేషన్‌లో వొక్ అనే ముక్కకి పిలుపు, గొంతు అని అర్థం. వోకల్‌లో అదే ఉంది. మనం ఈవేళ మాట్లాడుకుంటున్న వొకాబ్యులరీలోనూ అదే ఉంది. గొంతు లేని మాట మాట కాదని ఆ భాషే చెప్తోంది.

ఇంకొక్క ఉదాహరణ, చిన్నది. మాక్‌డఫ్ పరాయి దేశంలో ఉండగా మాక్‌బెత్ మనుషులు అతని ఇంటి మీద పడి భార్యనీ పిల్లల్నీ చంపేశారు. ఆ కబురు విన్న మాక్‌డఫ్ ముందు ఏమీ మాట్లాడడు. టోపీ ముఖం మీదికి లాక్కుంటాడు. చేతిలో ఏముంది? టోపీ అంచు. తర్వాత నోరు పెగిలి, తల్లికోడినీ పిల్లల్నీ ఒక్క ఊపులో గద్ద ఎత్తుకుపోయిందా అంటాడు. ఆ ఊపుకి అతను వాడిన మాటలు ఫెల్ స్వూప్. స్వూప్ అంటే గద్ద కిందికి దూకి తన్నుకుపోవడం. ఫెల్ అంటే పడిపోవడం కాదు, క్రూరమైన అని. ఈ మాట మన పల్లెటూరి పిల్లలకి ఏ లండన్ పిల్లలకన్నా బాగా తెలుస్తుంది. పెరట్లో కోడి ఒక్కసారి అరిచి, రెక్కలు విప్పి, పిల్లల్ని పొదువుకునే లోపే ఒకటి మాయమవడం వాళ్లు చూసే ఉంటారు. గద్ద తన్నుకుపోయినట్టు అని మనం అననే అంటాం. ఇప్పుడు ఇంగ్లీషు వార్తల్లో ఎవరైనా ఆ రెండు మాటలూ వాడితే, ఒకేసారి అని అర్థం రాసుకుని ఊరుకోకండి. ఆ కోడి అరుపు వినండి.

ఇప్పుడు నాటకం చివరికి వద్దాం. లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తోంది. చేతిలో ఏముంది? వెలిగించిన కొవ్వొత్తి. చీకటంటే భయం, రాత్రంతా పక్కన వెలుగు ఉండాల్సిందే. కాసేపటికి రెండు చేతులూ రుద్దుకోవడం మొదలుపెడుతుంది, కడుక్కుంటున్నట్టు. హత్య చేసిన రాత్రి, కాసిని నీళ్లతో పోతుందిలే అన్న మనిషి ఆవిడ. ఇప్పుడు ఎంత కడిగినా మరక పోవడం లేదంటుంది.

ఆ ఘట్టంలో కష్టమైన మాట దాదాపు ఒక్కటీ లేదు. చెయ్యి, మరక, వాసన, పక్క. అన్నీ పసిపిల్లల మాటలే. నాటకం మొదట్లో అంత గంభీరంగా మాట్లాడిన రాణి, చివరికి ఇంత చిన్న మాటల దగ్గరికి వచ్చింది. పెద్ద మాటలు దాచుకోవడానికి పనికొస్తాయి. దాచుకోవడానికి ఏమీ మిగలనప్పుడు చిన్న మాటలే వస్తాయి. మాటలు నేర్చుకోవడం అంటే పెద్ద మాటలు పోగేయడం అనుకునేవాళ్లు ఈ ఘట్టం ఒకసారి చదవాలి.

ఆ గదిలో ఇంకో మనిషి ఉన్నాడు, వైద్యుడు. ఆవిడ నిద్రలో మాట్లాడటం మొదలుపెట్టగానే ఆయన ఏం చేస్తాడో తెలుసా? రాసుకుంటానంటాడు. ఆవిడ నోట వచ్చినవి బాగా గుర్తుండాలని రాసుకుంటానంటాడు. అర్థాలు కాదండీ, మాటలు. విన్నవి విన్నట్టు. అంతకుముందే ఆవిడ చేతులు చూసి, ఏం చేస్తోందిప్పుడు, చేతులు ఎలా రుద్దుకుంటోందో చూడు అంటాడు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, చేతిలో ఏముంది. నేను ఈవేళ చెప్పిన మూడు ప్రశ్నలూ ఆ వైద్యుడు ముందే వేసేశాడు. ఏం రోగమో కూడా కనిపెట్టేశాడు, మందు మాత్రం తన దగ్గర లేదన్నాడు.

కాబట్టి పిల్లలూ, మీరు ఆ వైద్యుడిలా రాసుకోండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక ఘట్టానికి మూడు మాటలు చాలు, ముప్పై వద్దు. మాట పక్కన ఒంటి అర్థం రాయకండి. ఒక చిన్న బొమ్మ రాయండి, మాటల్లోనే. వియర్డ్, పెదవి మీద వేలు. ఇన్‌కార్నడైన్, నెత్తుటి చేతులు, తలుపు చప్పుడు. స్వూప్, ముఖం మీదికి లాగిన టోపీ, గద్ద. వారం తర్వాత ఆ బొమ్మ చూసి మాట గుర్తొస్తుందేమో చూసుకోండి. వస్తే ఆ మాట మీదే. నిఘంటువు చూడొద్దని అనడం లేదు నేను. చివర్లో చూడండి. మీరు అనుకున్నది సరైందో కాదో సరిచూసుకోవడానికి చూడండి.

పెద్దవాళ్ల ముచ్చట చెప్తానన్నాను. మా ఊళ్లో ఒక తాత ఉండేవాడు. చదువు లేదు, వేలిముద్ర. కానీ హరిశ్చంద్ర నాటకం కాటిసీను పద్యాలన్నీ నోటికొచ్చు. చాంతాడంత సంస్కృత సమాసాన్ని ఎక్కడా తొణక్కుండా పాడేవాడు. తాతా, ఆ మాటకి అర్థం ఏంటి అని ఒకసారి అడిగాను. నిఘంటువు చెప్పే అర్థం ఆయన చెప్పలేదు. 'అప్పుడు ఆ మహరాజు చేతిలో కాటికాపరి కర్ర ఉంటాది గదరా. ఎదురుగా పెళ్లాం, ఆమె చేతుల్లో చచ్చిపోయిన కొడుకు. ఆ కొడుకుని కాల్చాలన్నా సుంకం కట్టమని అడగాల. అట్టాంటప్పుడు నోట్లోంచి వచ్చే మాట అది' అన్నాడు. రాత్రంతా హార్మోనియం పక్కన కూర్చుని, వన్స్‌మోర్ కొట్టి కొట్టి, అదే పద్యం మళ్లీ మళ్లీ విని నేర్చుకున్న చదువది. తెలుగు పల్లెల్లో ఎంతోమంది కష్టమైన మాటలు నేర్చుకున్నది ఆ బడిలోనే.

మా తాతకి మాక్‌బెత్ తెలియదు. కానీ ఎవరైనా ఆ నాటకం ఆయన ముందు ఆడి ఉంటే, నాకంటే ముందే అర్థం చేసుకునేవాడు.

ఈ రాత్రి వీలైతే ఒక పని చేయండి. మాక్‌బెత్ రెండో అంకం, రెండో రంగం తీయండి. చిన్నదే. ఇంట్లో ఇద్దరుంటే చెరో పాత్రా పంచుకుని గట్టిగా చదవండి. తెలియని మాట దగ్గర ఆగకండి. ఎవరి చేతిలో ఏముందో చూసుకుంటూ వెళ్లిపోండి.

నా పాత పుస్తకంలో ఆ మొదటి పేజీల్లో 'వింత' అని రాసిన చోటు ఇప్పటికీ అలాగే ఉంది. చెరపలేదు. పక్కనే, మాస్టారు చెప్పిన రోజున, 'తలరాత' అని రాసుకున్నాను. ఈ మధ్య తీసి చూస్తే రెండు పెన్సిల్ గీతలూ వెలిసిపోతున్నాయి. వెలిసిపోతే పోనీయండి, ఇప్పుడు వాటితో పని లేదు.